అప్‌గ్రేడ్ కీతో ఖాళీ డిస్కు మీద విండోస్: ఎక్స్‌పీ నుంచి 11 దాకా నా రివ్యూ

విండోస్ అప్‌గ్రేడ్ ఎడిషన్ కొనుక్కున్నవాళ్లకి మొదటి నుంచీ ఉన్న తలనొప్పి ఒక్కటే. పాత విండోస్‌కి ఎప్పుడో డబ్బు కట్టాం కాబట్టి కొత్తది తక్కువలో ఇచ్చారు, అంతవరకు న్యాయంగానే ఉంది. కానీ హార్డ్ డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేసుకుందాం అనుకున్నప్పుడు, లేదా పాత డిస్క్ పోయి కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టుకున్నప్పుడు, ఆ పాత విండోస్ మన దగ్గర ఉందని సెటప్‌కి ఎలా నమ్మకం కలిగించాలి? ఖాళీ డిస్కులో సాక్ష్యం ఎక్కడినుంచి వస్తుంది? నావీ, చుట్టాలవీ, స్నేహితులవీ కలిపి చాలా సిస్టమ్‌లకి ఓఎస్ వేస్తూ వచ్చాను. ఒక్కో వెర్షన్ ఈ సాక్ష్యాన్ని ఒక్కో తీరుగా అడిగింది. నేను ఇక్కడ మార్కులు వేసేది దానికి మాత్రమే. స్టార్ట్ మెనూ బాగుందా, రంగులు బాగున్నాయా అన్న సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు.

అప్‌గ్రేడ్ కొని మళ్లీ క్లీన్ ఇన్‌స్టాల్ (అంటే డిస్క్ చెరిపేసి కొత్తగా వేయడం) ఎందుకు, పాతదాని మీదే వేసేస్తే పోయేదిగా అని అడిగేవాళ్లుంటారు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త, సగం తీసి సగం వదిలేసిన యాంటీవైరస్‌లు, ఏ ప్రింటర్‌దో ఎప్పటిదో డ్రైవరు, ఇవన్నీ కొత్త ఓఎస్‌లోకి కూడా మోసుకెళ్లాలని ఎవరికుంటుంది? పైగా కొన్నిసార్లు వేరే దారే లేదు. ఎక్స్‌పీ నుంచి విండోస్ 7కి నేరుగా అప్‌గ్రేడ్ అవ్వదు, కస్టమ్ అనే ఆప్షన్ నొక్కి కొత్తగా వేసుకోవాల్సిందే. 32 బిట్ నుంచి 64 బిట్‌కి వెళ్లాలన్నా అంతే. 7 అప్‌గ్రేడ్ బాక్సులో 32 బిట్ డీవీడీ, 64 బిట్ డీవీడీ రెండూ పెట్టి ఇచ్చారు, పాత 32 బిట్ విండోస్ ఉన్నవాడు ఆ రెండోది వాడాలంటే క్లీన్ ఇన్‌స్టాల్ తప్ప గతి లేదు. అంటే అప్‌గ్రేడ్ తీసుకున్నవాడు కొత్తగా వేసుకోవడం దొడ్డిదారేమీ కాదు, కంపెనీ తనే చూపించిన దారి. అలాంటప్పుడు ఆ దారి సాఫీగా ఉండాలి కదా.

ఎక్స్‌పీతో మొదలుపెడదాం. 2001 అక్టోబర్ 25న వచ్చింది. ఈ విషయంలో దీనికి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. అప్‌గ్రేడ్ సీడీతో బూట్ చేస్తే (అంటే కంప్యూటర్‌ని ఆ సీడీ నుంచే స్టార్ట్ చేస్తే), నీలం స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో సెటప్ నడుస్తుంటుంది, డిస్కులో పాత విండోస్ కనిపించకపోతే అది ఒక చోట ఆగి, మీ పాత విండోస్ సీడీని డ్రైవులో పెట్టి ఎంటర్ కొట్టండి అంటుంది. 98 సీడీయో, మిలీనియం సీడీయో, ప్రొఫెషనల్ ఎడిషన్ అయితే 2000 సీడీయో పెడితే డ్రైవు కాసేపు గిర్రున తిరుగుతుంది, ఆ సీడీ నిజమైనదేనని చూసుకుంటుంది, తర్వాత ఎక్స్‌పీ సీడీ మళ్లీ పెట్టమంటుంది, అంతే, పని ముందుకెళ్తుంది. ఎంత సబబుగా ఉందో చూడండి! కొన్న వస్తువు చూపించు, వెళ్లు. డిస్కులో ఏముంది, ఏం చెరిపావు అన్న ఆరా లేదు. ఒక మార్కు ఎందుకు కోశానంటే, పాత సీడీ పోయినా, గీతలు పడినా ఈ దారి మూసుకుపోతుంది. కంప్యూటర్‌తోపాటు తయారీదారులు ఇచ్చే రికవరీ సీడీలని కూడా ఇది చాలావరకు ఒప్పుకోదు.

విస్టా దగ్గరికొచ్చేసరికి ఇంత చక్కటి పద్ధతిని తీసేశారు. 2007 జనవరి 30న మార్కెట్లోకి వచ్చిన ఆ అప్‌గ్రేడ్ డీవీడీతో బూట్ చేసి అప్‌గ్రేడ్ కీ (బాక్సుతో వచ్చే 25 అక్షరాల కోడ్) కొడితే, ఇది పనిచేయాలంటే ఇప్పటికే ఉన్న విండోస్‌లోంచి సెటప్ మొదలుపెట్టు అంటుంది. పాత సీడీ చూపిస్తానన్నా వినదు. డిస్క్ చచ్చిపోయి కొత్తది పెట్టుకున్నవాడు ముందు ఎక్స్‌పీ వేసి, దాని మీద విస్టా వేసుకోవాలన్నమాట. ఇది వినియోగదారుడి సమయం మీద ఏమాత్రం గౌరవం లేని నిర్ణయం, ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

దీనికి జనం కనిపెట్టిన ఉపాయం మాత్రం భలే ఉంటుంది. డీవీడీతో బూట్ చేసి, కీ అడిగిన చోట ఏమీ కొట్టకుండా వదిలేసి, ఆన్‌లైన్‌లో ఆటోమేటిక్‌గా యాక్టివేట్ చెయ్యి (అంటే కీ సరైనదేనని మైక్రోసాఫ్ట్‌తో సరిచూసుకో) అన్న టిక్కు తీసేసి, మనం కొన్న ఎడిషన్ ఏదో ఎంచుకుని ముందుకెళ్తే విస్టా 30 రోజుల ట్రయల్‌గా ఎక్కుతుంది. ఇప్పుడు ఆ విస్టా డెస్క్‌టాప్ మీదనుంచి అదే డీవీడీలోని సెటప్‌ని మళ్లీ నడిపి, ఈసారి కీ కొడితే, డిస్కులో ఒక విండోస్ ఉంది కాబట్టి (అది తన సొంత ట్రయలే అయినా సరే) ఒప్పేసుకుంటుంది. ఒకే ఓఎస్‌ని రెండుసార్లు వేయాలి. పని అవుతుంది, నిజమే, కానీ డబ్బు కట్టి కొన్నవాడితో ఈ పని చేయించడం ఏంటి? ఐదుకి ఒకటి, అది కూడా ఉపాయం పనిచేసినందుకు.

7 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో ఎక్కువమంది టెన్షన్ పడింది దీనితోనే. 2009 అక్టోబర్ 22న వచ్చింది. ఇందులో అప్‌గ్రేడ్ డీవీడీకీ ఫుల్ డీవీడీకీ తేడా లేదు, తేడా అంతా కీలోనే. బూట్ చేయొచ్చు, కస్టమ్ అనొచ్చు, పార్టిషన్‌లన్నీ డిలీట్ చేయొచ్చు, ఎవరూ ఆపరు. ఇన్‌స్టాల్ హాయిగా పూర్తవుతుంది. చిక్కు అంతా ఆ తర్వాత, యాక్టివేషన్ దగ్గర. ఖాళీ డిస్క్ మీద వేశారని గుర్తిస్తే 0ఎక్స్‌సీ004ఎఫ్061 అనే ఎర్రర్ చూపించి, ఈ కీ అప్‌గ్రేడ్‌కి మాత్రమే, క్లీన్ ఇన్‌స్టాల్‌కి కాదు అంటుంది. కీ తప్పు అనుకుని 25 అక్షరాలూ మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లు, ఎవరో మోసం చేశారనుకుని కంగారుపడేవాళ్లు ఉంటారు. కీలో ఏ తప్పూ లేదు.

అసలు కిటుకు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట ఉంది. హెచ్‌కీ లోకల్ మెషీన్, దాని కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, సెటప్, ఓఓబీఈ, ఇలా దిగుకుంటూ వెళ్తే మీడియాబూట్‌ఇన్‌స్టాల్ అనే ఒక విలువ కనిపిస్తుంది. డిస్కుతో బూట్ చేసి వేస్తే అందులో 1 ఉంటుంది. దాన్ని 0 చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, లైసెన్సింగ్ సంగతులు చూసే ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ కమాండ్‌కి రీఆర్మ్ అన్న స్విచ్ తగిలించి కొట్టి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి మళ్లీ కీ ఇస్తే యాక్టివేట్ అయిపోతుంది. ఇంత పెద్ద గోడ నిలబడింది ఒక అంకె మీద! రిజిస్ట్రీ అంటే భయపడేవాళ్లు విస్టాలోలాగా రెండోసారి పైనుంచి సెటప్ నడిపినా సరిపోతుంది. ఫోన్ యాక్టివేషన్ దారి కూడా ఉంది, పాత లైసెన్సు ఉందని మనిషికి చెప్పి సరిచేయించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఉపాయాలన్నీ పాత విండోస్ నిజంగా కొన్నవాళ్ల కోసం. పాత లైసెన్సు ఏదీ లేకుండా అప్‌గ్రేడ్ కీ ఒక్కటే కొని ఇలా వేసుకుంటే మెషీన్ యాక్టివేటెడ్ అని చూపిస్తుంది కానీ లైసెన్సు మాత్రం చెల్లదు. అలాగే అప్‌గ్రేడ్ అయ్యాక ఆ పాత విండోస్‌ని తీసి ఇంకో సిస్టమ్‌లో వేసేయడం కూడా కుదరదు, రెండూ కలిపి ఒక్క లైసెన్సు కింద లెక్క. 7కి నా మార్కులు ఐదుకి మూడు. ఇన్‌స్టాల్‌కి ఐదు ఇవ్వొచ్చు, ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో, ఏం చేయాలో అదే పెట్టెలో రెండు లైన్లు రాయనందుకు కోత.

అదే ఏడాది ఆగస్టులో ఆపిల్ మ్యాక్ ఓఎస్ కొత్త వెర్షన్ స్నో లెపర్డ్ వచ్చింది. దాని ముందు వెర్షన్ లెపర్డ్ వాడుతున్నవాళ్ల కోసం తక్కువ ధరకి అమ్మారు, కానీ ఆ డిస్కుకి అసలు కీనే లేదు, బూట్ చేసి డిస్క్ చెరిపేసి వేసుకుంటే మారుమాట లేకుండా ఎక్కేది. వాళ్ల ఓఎస్ వాళ్ల మెషీన్ల కోసమే కాబట్టి వాళ్లకి కుదిరింది అనొచ్చు, నిజమే. అయినా కొన్నవాడిని నమ్మితే ఎంత హాయిగా ఉంటుందో తెలియడానికి అది మంచి ఉదాహరణ.

8ని త్వరగా దాటేద్దాం. 2012 అక్టోబర్ 26న వచ్చింది, ఎర్రర్ అదే, మందు కూడా అదే. కొత్తగా వచ్చిన చిరాకు ఏంటంటే, మరుసటి ఏడాది 8.1 వచ్చాక 8 కీ ఇస్తే 8.1 మీడియా మొదట్లో తీసుకునేది కాదు. 8 వేసి, అప్‌డేట్లు వేసి, స్టోర్‌లోకెళ్లి 8.1 దించుకోవాలి. ఒక మంచి పని మాత్రం చేశారు, 8.1తో బాక్సులో అమ్మేది ఫుల్ వెర్షన్ అయింది. ఐదుకి రెండు.

ఇక 10. 2015 జులై 29న వచ్చి, 7, 8.1 ఉన్నవాళ్లకి ఏడాదిపాటు ఉచిత అప్‌గ్రేడ్ ఇచ్చింది. తొలి నెలల్లో ముందు పాతదాని మీద అప్‌గ్రేడ్ చేసి, యాక్టివేట్ అయ్యాక, అప్పుడు ఫార్మాట్ కొట్టి వేసుకోవాలి. ఆ నవంబర్‌లో 1511 అనే అప్‌డేట్ వెర్షన్ వచ్చాక పాత 7 కీనో 8.1 కీనో నేరుగా కొట్టినా తీసుకుంది. అన్నిటికన్నా పెద్ద మార్పు, లైసెన్సు అనేది మదర్‌బోర్డుతో ముడిపడి మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదవడం. ఒక్కసారి యాక్టివేట్ అయిన మెషీన్‌లో మళ్లీ ఎప్పుడు క్లీన్‌గా వేసినా కీ అడిగిన చోట నా దగ్గర ప్రొడక్ట్ కీ లేదు అన్న లింకు నొక్కి, అదే ఎడిషన్ ఎంచుకుని వెళ్లిపోవచ్చు. నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కాగితం మీద కీ రాసుకుని పెట్టెలో దాచుకునే రోజుల నుంచి వచ్చినవాళ్లకి ఇది ఎంత సుఖమో చెప్పలేను. 2016లో వచ్చిన 1607 నుంచి ఆ లైసెన్సుని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కట్టుకోవచ్చు, మదర్‌బోర్డు మార్చాల్సి వచ్చినప్పుడు యాక్టివేషన్ సమస్యలు సరిచేసే ట్రబుల్‌షూటర్‌లో అది అక్కరకొస్తుంది, ముందే కట్టి పెట్టుకోండి.

ఉచిత గడువు 2016లోనే అయిపోయినా పాత కీలు చాలా ఏళ్లు నడిచాయి, 2023 సెప్టెంబర్‌లో ఆ దారి మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కాబట్టి అల్మారాలో ఉన్న 7 బాక్సు కీతో ఇప్పుడు 10 గానీ 11 గానీ యాక్టివేట్ అవుతుందన్న ఆశ పెట్టుకోకండి. 10 మీద యాక్టివేట్ అయి ఉన్న సిస్టమ్ అయితే 11కి కూడా అదే లైసెన్సు సరిపోతుంది, కాకపోతే టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) లాంటి హార్డ్‌వేర్ షరతులు దాటాలి. 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఇప్పుడు వేసేవాళ్లు 11 వైపే చూడటం మేలు.

10, 11లో ఇబ్బంది పెట్టేది ఒకటుంది. 8 కాలం నుంచి ల్యాప్‌టాప్ తయారీదారులు కీని బోర్డు మీద ఫర్మ్‌వేర్‌లోనే (చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టేస్తున్నారు. ల్యాప్‌టాప్ విండోస్ హోమ్ ఎడిషన్‌తో వచ్చి, మీరు తర్వాత ప్రో లైసెన్సు కొనుక్కుని ఉంటే, క్లీన్ ఇన్‌స్టాల్‌లో సెటప్ ఆ ఫర్మ్‌వేర్ కీ చదివేసి ఏ ఎడిషన్ అని అడగకుండానే హోమ్ వేసేస్తుంది. దీనికి పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, ఎడిషన్ ప్రొఫెషనల్ అని, ఛానెల్ రిటైల్ అని రాస్తే సరి. ఇలాంటిది సెటప్ స్క్రీన్ మీదే ఒక బటన్‌గా ఉండాలి, సగం మార్కు దీనికే కోశాను. 10, 11 రెండిటికీ ఐదుకి నాలుగున్నర.

వేసేముందు ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి, అందులో ఉన్నవన్నీ పోతాయి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి ఇప్పుడున్నది హోమా, ప్రోనా, డిజిటల్ లైసెన్సు అని రాసుందా లేదా చూసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌ని తాళం వేసి ఉంచే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో సెటప్‌కి డిస్కే కనిపించకపోవచ్చు, అప్పుడు డిస్క్ పాడైందని బెంబేలెత్తకండి, తయారీదారు సైటు నుంచి స్టోరేజ్ డ్రైవరు దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కితే కనిపిస్తుంది. వైఫై డ్రైవరు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, 11 హోమ్ సెటప్ నెట్ లేకపోతే ముందుకెళ్లనివ్వదు. పార్టిషన్‌ల స్క్రీన్‌లో పెన్‌డ్రైవ్‌నీ, డేటా ఉన్న రెండో డిస్క్‌నీ సైజు చూసి గుర్తుపట్టండి, కుదిరితే ఆ రెండో డిస్క్ కేబుల్ పీకేసి మొదలుపెట్టండి. చౌకగా కీలు అమ్మే సైట్ల జోలికి మాత్రం వెళ్లకండి, అవి చాలాసార్లు ఏదో సంస్థకిచ్చిన వాల్యూమ్ కీలు, ఈరోజు యాక్టివేట్ అయినా ఎప్పుడు బ్లాక్ అవుతాయో చెప్పలేం.

అన్నీ అయ్యాక అదే ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ కమాండ్‌కి ఎక్స్‌పీఆర్ అన్న స్విచ్ పెట్టి కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని చిన్న పెట్టెలో వస్తే, అప్పుడు పాత ఫైళ్లు ఎక్కించడం మొదలుపెట్టొచ్చు.