రైతు బజార్: కూరగాయలకి సరే, కిరాణాకి కాదు

ధరలు మండిపోతున్న ఈ రోజుల్లో రైతు బజార్‌కి వెళ్తే నిజంగా మిగులుతుందా అని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతున్నారు. మిగులుతుంది, కానీ లిస్టు రాసుకుని వెళ్లేవాళ్లకి అంతగా మిగలదు. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం ఇలా చాలాచోట్ల రైతు బజార్లున్నాయి. నేను ఎక్కువగా వెళ్లేదాని పేరు మాత్రం చెప్పను. కింద ఒక చురక ఉంది, రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి.

అసలు బలం ధరల బోర్డులోనే ఉంది. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఒకటే: టోకు ధర మీద కొంచెం వేసి, బయటి చిల్లర ధర కంటే తక్కువ ఉండేలా రేటు రాస్తారు. బేరం పని లేదు. నేను ముందు బోర్డు చదివి, అప్పుడు ఏం వండాలో అనుకుంటాను. మొన్న బీన్స్, క్యారెట్ చూసి దండం పెట్టి, ఆనపకాయ, దొండకాయ, రెండు కట్టల గోంగూర తెచ్చాను. వానాకాలంలో టమాటా పైకెళ్తే మా ఇంట్లో వాక్కాయ పప్పు, చింతపండు చారు. పిల్లలు మూతి ముడిస్తే మా అత్తయ్య ఊరుకోరు: "టమాటా లేకపోతే చారు అవదా ఏటి? మా చిన్నప్పుడు ఏం పోసుకుని తిన్నామనుకుంటున్నారు?"

ఏది ఎవరి దగ్గర కొంటున్నామో కూడా చూసుకోవాలి. ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి వచ్చే రైతుల దగ్గర ఆకుకూరలు, బెండ, వంగ, బీర బాగుంటాయి, ధరలో తేడా కూడా అక్కడే కనిపిస్తుంది. ఉల్లి, బంగాళాదుంప లారీల్లో ఎక్కడి నుంచో వచ్చే సరుకు. వాటి మీద మిగిలేది ఆటో ఛార్జీకి కూడా చాలదు, వాటికోసమే వెళ్లక్కర్లేదు. ఏజెన్సీ అల్లం, అంటే మన్యం కొండల్లో పండేది, కనిపిస్తే మాత్రం వదలకండి. కాస్త మట్టి ఎక్కువే, ఘాటు ఇంకా ఎక్కువ.

ధరలు బాగా పెరిగినప్పుడు ప్రభుత్వం ఇక్కడే ప్రత్యేక కౌంటర్లు పెడుతుంది. 2023లో టమాటా కిలో 50 రూపాయలకి ఇచ్చారు, మనిషికి కిలో. 2024 జులైలో కందిపప్పు 160కి పెట్టారు. ఇవి ఎప్పుడూ ఉండవు, ఉన్నప్పుడు క్యూ కూడా చిన్నదేం కాదు. పేపర్లో చూసిన రోజే వెళ్లాలి.

ఇక చురక. తూకం. కాటా మీద పళ్లెం పెట్టాక సున్నా ఉందో లేదో చూడకుండా డబ్బులివ్వకండి. ఒకసారి కిలో చిక్కుళ్లు ఇంటికొచ్చి తూస్తే 900 గ్రాములే. సంచీ పట్టుకుని వెనక్కి వెళ్లాను. "వంద గ్రాములకి ఇంత దూరం వచ్చావా తల్లీ!" అని అమ్మినావిడ నవ్వి, గుప్పెడు చిక్కుళ్లు, పైన నాలుగు పచ్చిమిరపకాయలు పడేసింది. అప్పట్నుంచి నన్ను చూస్తే ముందే కాటా ఇటు తిప్పుతుంది. వంద గ్రాములంటే కూరలో ఒక మనిషి వాటా, ఎందుకు వదలాలి?

కిరాణాకి నా దారి వేరు. చింతపండు, ఎండుమిర్చి కొత్త సరుకు వచ్చే వేసవి మొదట్లో పూర్ణా మార్కెట్‌లో ఏడాదికి సరిపడా కొంటాం, పక్కింటివాళ్లు మేము కలిసి. నూనె ప్యాకెట్ ఎక్కడ కొన్నా బరువు చదవండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. చూడ్డానికి అంతే ఉండే ప్యాకెట్‌లో 850, 750 గ్రాములవీ వస్తున్నాయి. గ్రాముకి లేదా కిలోకి ఎంతో ప్యాకెట్ మీదే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. కళ్లజోడు మర్చిపోకండి.

ఆకుకూరలకైతే పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే వాడిపోయినవే మిగులుతాయి. ఆదివారం మాత్రం వద్దు, బండి పెట్టడానికే చోటుండదు. గుడ్డ సంచీలు రెండు పట్టుకెళ్లండి, టమాటాకి ఒకటి విడిగా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటి కాటా దగ్గర పోయింది.