కొత్త లారీ టైర్లు నిలవకపోతే ఏది మేలు: మళ్లీ అవేనా, మేలురకం రేడియలా, ట్యూబ్‌లెస్సా, నైలానా?

కొత్త పది టైర్ల లారీ కొని, ఫైనాన్సు వాయిదాలు సగం కూడా తీరకముందే టైర్లన్నీ మార్చవలసి రావడం చిన్న లారీ ఓనరును నిజంగా కుంగదీసే విషయం. డీజిలు తరువాత లారీ నడపడంలో పెద్ద ఖర్చులలో ఒకటి టైర్లదే. అయినా షోరూములో ఇంజను గురించి, మైలేజీ గురించి గంటసేపు మాట్లాడతారు కాని, బండి కింద ఉన్న పది టైర్లు ఏ రకానివో, ఎంత బరువు మోయగలవో ఎవరూ చెప్పరు. ఒకటి రెండు బండ్లు కొనేవాడు ఫలానా టైర్లు వేసి ఇవ్వమని అడిగితే ఆ మాట సాగదు. కొన్నాక టైరు ఉబ్బితే, లేదా ట్రెడ్ (నేలకు ఆనే గాళ్ల రబ్బరు పొర) ఊడితే, షోరూమువారు టైరు డీలరు దగ్గరికి పొమ్మంటారు, ఎందుకంటే టైరుకు వారంటీ ఇచ్చేది లారీ కంపెనీ కాదు, టైరు కంపెనీ. ఆ కంపెనీ కూడా తయారీ లోపమని తేలితేనే, అదీ మిగిలి ఉన్న ట్రెడ్ లోతును బట్టి మాత్రమే పరిహారం లెక్క కడుతుంది. గాలి తక్కువగా నడిపారనో, ఎక్కువ లోడు వేశారనో తేలితే ఏమీ రాదు.

కంపెనీ నుంచి వచ్చే టైర్లన్నీ నాసిరకమని నేను అనను. వాహన కంపెనీ టైర్లను టోకున కొంటుంది. ధర తక్కువగా ఉండాలి, టైరు తేలికగా దొర్లాలి, మైలేజీ బాగా రావాలి అన్నవి దాని మొదటి లెక్కలు. ట్రెడ్ లోతు తక్కువగా ఉన్న టైరు తేలికగానే దొర్లుతుంది, కాని త్వరగానే అరుగుతుంది. గుంటూరు నుంచి మిర్చి బస్తాలతో నున్నటి హైవే మీద చెన్నై వెళ్లి వచ్చే బండికి, చీమకుర్తి క్వారీలలో పదునైన రాళ్ల మీద ఎక్కి దిగే బండికి ఒకే టైరు సరిపోదు. ఆ తేడాను చూసుకోవలసింది ఓనరే. కాబట్టి రెండోసారి టైర్లు కొనేటప్పుడు డీలరు ముందు పెట్టినవాటిని కాక, తన దారికి తగినవాటిని ఎంచుకోవాలి.

అయితే డబ్బు పెట్టేముందు అరిగిన టైర్లను ఒకసారి పరిశీలించడం తప్పనిసరి. ట్రెడ్ రెండు అంచులూ అరిగి మధ్యభాగం నిలిచి ఉంటే గాలి తక్కువగా నడిచినట్టు. మధ్యలో అరిగి అంచులు నిలిస్తే గాలి ఎక్కువైనట్టు. ఒక పక్కనే అరిగితే ఎలైన్‌మెంటు, అంటే చక్రాల వరస, చెడినట్టు. గుంటలు గుంటలుగా అరిగితే సస్పెన్షనులోనో బేరింగులోనో దోషం ఉన్నట్టు. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా, ఎంత ఖరీదైన టైరు వేసినా దానికీ అదే గతి పడుతుంది. ట్రెడ్ సమానంగానే అరుగుతూ, గాలి ఎప్పుడూ సరిగానే ఉండి, అయినా టైరు త్వరగా అయిపోతేనో, పక్కగోడ చీలితేనో, అప్పుడు ఆ టైరును నిందించడం న్యాయం.

మార్చవలసి వచ్చినప్పుడు ముందు తేల్చుకోవలసింది టైరు మోసే బరువు. 2018 జూలైలో కేంద్ర రవాణా శాఖ యాక్సిల్ (ఇరుసు) బరువుల పరిమితిని పెంచింది. అంతకుముందు 25 టన్నులుగా ఉన్న పది టైర్ల లారీ మొత్తం బరువు 28 టన్నుల స్థాయికి చేరింది. పాతరోజుల్లో ముందు యాక్సిల్‌కు 6 టన్నులే పరిమితి. ఇప్పుడది ఒక టన్నో, అంతకు కొంచెం మించో పెరిగింది. టైరు పక్కగోడ మీద సైజు పక్కన ఉండే 146/143 వంటి అంకెలు దాని లోడు ఇండెక్సు: 146 అంటే ఒంటరిగా బిగించినప్పుడు 3,000 కిలోలు, 143 అంటే జోడుగా బిగించినప్పుడు ఒక్కొక్కటి 2,725 కిలోలు. వెనుక రెండు యాక్సిళ్లపై 21 టన్నులు ఎనిమిది టైర్ల మీద పడితే ఒక్కొక్కదానికి 2,625 కిలోలు వస్తాయి, కాబట్టి అక్కడ 143 సరిపోతుంది. ముందు ఒంటరిగా ఉండే రెండు 146 టైర్లు కలిసి మోయగలిగేది మాత్రం 6 టన్నులే. 7 టన్నులు పడితే చాలదు. అక్కడ 152 ఇండెక్సు ఉన్న టైరు, అంటే ఒక్కొక్కటి 3,550 కిలోలు మోసేది ఉంటే రెండూ కలిసి 7,100 కిలోలు మోస్తాయి. పాత సైజు పేరు చెప్పి అదే టైరు తెచ్చి ముందు బిగించేవారు ఈ అంకెను చూడడం లేదన్నది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ముందు టైరు పగిలితే స్టీరింగు చేతిలో ఉండదు.

ఇక ఎంపికలలోకి వస్తే, నైలాన్ టైరు మొదటి ఖర్చులో చౌక. దాని దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా సాగుతాయి. పక్కగోడ మందంగా ఉంటుంది కాబట్టి రాళ్ల దెబ్బకు, గుంతల దెబ్బకు తట్టుకుంటుంది. పంక్చరు షాపు ఏదైనా దానికి పని చేసి పెడుతుంది. కాని పొరలన్నీ కదులుతూ ఒరుసుకోవడం వల్ల వేడి ఎక్కువగా పుడుతుంది. రెంటచింతల వైపు ఏప్రిల్, మే ఎండలలో లోడు బండి ఆపకుండా పరుగెత్తితే ఆ వేడి టైరును లోపల నుంచి దెబ్బ తీస్తుంది. డీజిలూ ఎక్కువ తాగుతుంది. క్వారీ, ఇసుక రీచ్, పొలాల్లోకి దిగే పని ఉన్నవారికి నైలాన్ ఇప్పటికీ సమంజసమే. హైవే బండికి మాత్రం తక్కువ ధర చూసి నైలాన్ వేస్తే, ఆ తేడా డీజిలు బంకులో కట్టవలసి వస్తుంది.

రేడియల్‌లో దారాలు అడ్డంగా ఒక చివర నుంచి మరో చివరకు నేరుగా సాగి, ట్రెడ్ కింద ఉక్కు బెల్టులు ఉంటాయి. ట్రెడ్ నేల మీద చదునుగా ఆనడం వల్ల నిదానంగా అరుగుతుంది, చల్లగా నడుస్తుంది. బలహీనత అంతా పక్కగోడలోనే ఉంది. ఉక్కు తీగల పక్కగోడతో ఉన్న టైరును గాలి లేకుండా కొంతదూరం నడిపి, ఆ తరువాత పంక్చరు అతికించి గాలి నింపితే, లోపల అలసిపోయిన తీగలు వరసగా తెగి గోడ ఒక్కసారిగా చీలుతుంది. దగ్గరున్న మనిషికి ప్రాణాపాయం. అందుకే రేడియల్ వేసుకునేవారు గేజి లేని షాపుల్లో చేతితో తట్టి గాలి చూడడం మానాలి. ఎండలో టైరు వేడెక్కి గాలి పెరిగిందని మధ్యదారిలో గాలి తీసేయడం ఇంకా పెద్ద పొరపాటు. చల్లారాక అదే టైరు తక్కువ గాలితో మిగులుతుంది.

రేడియల్‌లోనే రెండు దారులు ఉన్నాయి. 10.00 ఆర్ 20, 295/90 ఆర్ 20 అనేవి ట్యూబుతో, ఫ్లాపుతో (ట్యూబుకు అడుగున వేసే రబ్బరు పట్టీ), టైరును పట్టి ఉంచే ఇనుప రింగు ఉన్న డిస్కు (చక్రం) మీద నడిచేవి. 295/80 ఆర్ 22.5 అనేది ట్యూబ్‌లెస్. ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడి లేకపోవడం వల్ల ట్యూబ్‌లెస్ చల్లగా ఉంటుంది. మేకు దిగినా సాధారణంగా గాలి మెల్లగా తగ్గుతుంది. రింగు ఎగిరి మీద పడే ప్రమాదమూ ఉండదు. బరువూ కొంత తగ్గుతుంది. లెక్క ప్రకారం రెండింటి ఎత్తు కూడా దగ్గరే, 295/90 ఆర్ 20 ఎత్తు 1,039 మిల్లీమీటర్లు, 295/80 ఆర్ 22.5 ఎత్తు 1,044 మిల్లీమీటర్లు ఉంటాయి. అయితే డిస్కులన్నీ మార్చాలి, ఆ సైజు మీ మోడల్‌కు తయారీదారు ఆమోదించిన జాబితాలో ఉండాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇబ్బంది. హైదరాబాద్–విజయవాడ, విజయవాడ–విశాఖ వంటి దారులలో ఏళ్ల తరబడి నడపబోయే బండికి ఈ మార్పు విలువైనది. రెండేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే డిస్కుల ఖర్చు తిరిగి రాదు. ట్యూబు రేడియల్‌లోనే మేలైనది తీసుకోవడం మంచిది.

నా అభిప్రాయంలో హైవే మీద బస్తాల లోడు మోసే పది టైర్ల లారీకి అన్ని టైర్లూ ఒకేసారి మార్చడం అవసరం లేదు. ముందు రెండింటికి సరైన లోడు ఇండెక్సుతో, నిలువు గీతల ట్రెడ్ ఉన్న మేలురకం కొత్త రేడియల్ కొనాలి. ముందు నుంచి తీసిన కంపెనీ టైర్లకు ఇంకా ట్రెడ్ ఉంటే వాటిని వెనుకకు, ఇంజను తిప్పని డమ్మీ యాక్సిల్‌కు మార్చి అక్కడ అరగనివ్వాలి. హౌసింగు, అంటే ఇంజను తిప్పే యాక్సిల్, టైర్లకు లోతైన, అడ్డ గడులున్న ట్రెడ్ మేలు. పట్టు అక్కడే కావాలి. జోడు టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది వేస్తే, ఎత్తున్నది బరువంతా మోసి వేడెక్కుతుంది, పొట్టిది నేల మీద ఈడ్చుకుపోతుంది. ఒకే యాక్సిల్‌పై రేడియల్‌నూ నైలాన్‌నూ కలపడం అసలే కూడదు.

రీట్రెడింగును, మనవాళ్లు రీబటన్ అనేదాన్ని, చులకనగా చూడవలసిన పని లేదు. మంచి కేసింగు (ట్రెడ్ కింద ఉండే టైరు ఒడలు) ఉన్న రేడియల్‌కు ఒకసారి కాదు, ఒకటికి మించి కూడా కొత్త ట్రెడ్ వేయించవచ్చు; ఖర్చు కొత్త టైరు ధరలో కొంత భాగమే. అందుకు ఒక నియమం ఉంది: ట్రెడ్ గాడిలో ఉండే 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు దాకా అరగనివ్వకుండా, 3–4 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉండగానే దించాలి. ఆ గుర్తు దాటి ఉక్కు తీగ బయటపడితే కేసింగు చేతికి రాదు. రీట్రెడ్ వేసిన టైరు వెనుక యాక్సిళ్లకే పరిమితం, ముందు ఎప్పుడూ వేయకూడదు. చవకైన కొత్త టైరు కొని కేసింగు పోగొట్టుకునేకంటే, ఖరీదైనది కొని రెండు జీవితాలు పొందడం లాభం. అందుకే ధరను కిలోమీటరుకు లెక్కించాలి. లెక్క కోసం 20,000 రూపాయల టైరు 80,000 కిలోమీటర్లు, 24,000 రూపాయలది 1,10,000 కిలోమీటర్లు నడిచాయనుకుంటే, మొదటిదానికి కిలోమీటరుకు 25 పైసలు, రెండోదానికి దాదాపు 22 పైసలు పడతాయి. రెండోదాని కేసింగు మిగిలితే తేడా ఇంకా పెరుగుతుంది. మీ బండి మీద అసలు సంఖ్య తెలియాలంటే టైరు బిగించిన రోజు ట్రెడ్ లోతు కొలిచి రాసుకుని, కొంతకాలం నడిచాక మళ్లీ కొలవండి; 16 మిల్లీమీటర్లలో 4 అరగడానికి 20,000 కిలోమీటర్లు పట్టితే ఒక్కో మిల్లీమీటరు 5,000 కిలోమీటర్లు ఇస్తున్నట్టు. ఈ కొలత ఎవరి ప్రకటన కంటే నమ్మదగినది.

ఒకప్పుడు చైనా రేడియళ్లు చవకగా దొరికేవి. 2017లో వాటిపై యాంటీ డంపింగు సుంకం (మరీ చవక దిగుమతులను అడ్డుకునే పన్ను), 2019లో మరో సుంకం వచ్చాయి. 2020 జూన్‌లో దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఇప్పుడు దుకాణంలో అలాంటివి కనిపిస్తే అవి పాత సరుకేమోనని అనుమానించాలి. ఏ టైరైనా పక్కగోడపై ఉన్న నాలుగు అంకెలు చూడండి: మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3524 అంటే 2024లో 35వ వారం. గోదాములో రెండేళ్లు పడి ఉన్న టైరుకు కొత్తదాని ధర చెల్లించవద్దు. కొన్న రోజే సీరియల్ నంబరుతో సహా బిల్లు రాయించుకోండి. రేపు వారంటీ అడగవలసి వస్తే డీలరు ముందుగా చూసేది ఆ నంబరునే.