మడమ కింద 12 మిల్లీమీటర్లు: అకిలిస్ నొప్పికి హీల్ ప్యాడ్లు కొనేవాళ్లకి

కాకినాడైనా, రాజమండ్రైనా, భీమవరమైనా, మెడికల్ షాపులో "మడమ నొప్పికి ప్యాడ్ ఇవ్వండి" అంటే ఎక్కువగా చేతికొచ్చేది మెత్తటి సిలికాన్ కప్పు, మధ్యలో నీలం చుక్క. ఆ చుక్క మడమ అడుగున నొప్పి ఉన్నవాళ్ల కోసం పెట్టింది. అకిలిస్ నొప్పి వచ్చేది అక్కడ కాదు, మడమ వెనకాల. పిక్క నుంచి దిగి ఎముకకు అతుక్కునే లావుపాటి తాడులాంటిది ఉందే, అక్కడ. దాని పేరే అకిలిస్. దాన్ని అందరూ నరం అనేస్తారు గానీ అది నరం కాదు, టెండన్, అంటే కండని ఎముకకు కట్టి ఉంచే తాడు. ఈ పేరు తేడా చిన్నదేం కాదు. నరం అనుకున్నవాళ్లు నరాల బలానికి బి కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తారు.

అకిలిస్‌కి కావలసింది మెత్తదనం కాదు, ఎత్తు. మడమ కాస్త లేచి ఉంటే, అడుగు పడ్డాక ముంగాలు ముందుకు వాలినప్పుడు టెండన్ అంతగా సాగదు. ఎముకకు అతుక్కునే చోట ఎముక వెనక భాగం దాన్ని ఒత్తడం కూడా తగ్గుతుంది. సిలికాన్ కప్పు చేతిలో ఉన్నప్పుడు ఎత్తుగానే కనిపిస్తుంది, 65 కిలోల మనిషి ఎక్కగానే దిగబడిపోతుంది. కొనేముందు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. సగానికి సగం అణిగితే అది దిండు. రోజంతా కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లకి హాయిగానే ఉంటుంది. పరుగుకి మాత్రం పదికి మూడు మార్కులకు మించి ఇవ్వలేం. పైగా మన ఉక్కపోతకి సాక్సు తడిసిందంటే బూటులో ముందుకు జారి అరికాలి మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

దీనికంటే మేలు ఇవా (EVA) అనే గట్టి ఫోమ్‌తో చేసిన వాలు ముక్క. వెనక 10 నుంచి 12 మి.మీ. మందం ఉండి, అరికాలి గుంత దగ్గరికొచ్చేసరికి పలచబడి సున్నా అవ్వాలి. రెడీమేడ్‌గా దొరక్కపోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర గట్టి ఇవా షీటు ఉంటుంది, గ్రైండర్ మీద అరగదీసి ఇస్తారు. షుగరు ఉన్నవాళ్ల చెప్పులకు వాడే ఎంసీఆర్ రబ్బరు వద్దనండి, అది సిలికాన్ లాగే అణిగిపోతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: ముందు అంచుని వాలుగా తీయకుండా నిట్టనిలువుగా కోసేయడం. అప్పుడు అరికాలి కింద మెట్టులా తగిలి, మడమ నొప్పికి పాదం మధ్య నొప్పి తోడవుతుంది. బాగా చేయించుకుంటే పదికి ఏడు.

అన్నిటికన్నా పనికొచ్చేది పొరలు పొరలుగా ఊడదీసుకునే లిఫ్ట్, అంటే మడమని ఎత్తి ఉంచే ముక్క. ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, ఖరీదూ కాస్త ఎక్కువే. దీని గుణం ఎత్తులో కాదు, దిగడంలో ఉంది. నొప్పి తగ్గాక ఒక్కో పొర తీస్తూ 12 నుంచి 9, 6, 3 అని రెండేసి వారాలకు ఒక మెట్టు దిగొచ్చు. ప్యాడ్ ఒక్కసారే తీసేసినవాళ్లకి నొప్పి వారంలో తిరిగొస్తే అది ప్యాడ్ పని చేయక కాదు, టెండన్‌కి అలవాటుపడే వ్యవధి ఇవ్వక. ఇలాంటి 12 మి.మీ. లిఫ్టుల్నే ఆస్ట్రేలియాలో 100 మంది మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. టెండన్ నడిమి భాగంలో నొప్పి ఉన్నవాళ్లకి 12 వారాల దగ్గర చూస్తే, పిక్క వ్యాయామం చేసినవాళ్ల కన్నా లిఫ్ట్ వాడినవాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు. ఇది చదివి వ్యాయామం మానేయొద్దు. నొప్పి తగ్గడం వేరు, 1600 మీటర్ల పరుగులో ఆఖరి రౌండుకి పిక్కలో బలం మిగలడం వేరు. లిఫ్ట్ మొదటిది ఇస్తుంది, రెండోది ఇవ్వదు.

ఇక బూటులో అమర్చడం. లోపలి ఇన్‌సోల్ ఎత్తి దాని కింద పెట్టాలి, పైన కాదు. రెండు వైపులా అంటుకునే టేపు చిన్న ముక్క చాలు. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి, లేకపోతే ఒక కాలు పొడుగై నడుము పట్టేస్తుంది. మడమ లేచిందంటే బూటు వెనక అంచు అంతమేర పొట్టిదైనట్టే. మడమ జారి బొబ్బలు వస్తాయి, ఆ అంచే టెండన్‌ని గీరుతుంది. విరుగుడు లేసులో ఉంది: పైన ఖాళీగా వదిలేసే ఆఖరి రంధ్రంలోంచి అదే వైపు లేసు దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసుని అందులోంచి లాగి ముడి వేయాలి. రన్నింగ్ బూట్లలో చాలావాటికి మడమ ముందుభాగం కన్నా 8 నుంచి 12 మి.మీ. ఎత్తు ముందే ఉంటుంది. వాటిలో 6తో మొదలుపెట్టండి. స్కూలు పిల్లల తెల్ల కాన్వాసు బూట్లు చదును, వాటికి 12 కావాలి. స్పైక్స్‌లో, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లలో, ఏదీ పట్టదు, కాబట్టి నొప్పి ఉన్నన్నాళ్లు స్పైక్స్ అటక మీదే. షటిల్, వాలీబాల్ ఆడేవాళ్లు 6 మి.మీ. దాటొద్దు. పక్కకు ఉరికేటప్పుడు ఎత్తు మడమ చీలమండని మెలిపెట్టేస్తుంది.

ఏ ప్యాడూ తీర్చలేని చిక్కు మన ఇళ్లలోనే ఉంది. రోజుకి గంట బూట్లలో ఉంటాం, మిగతాదంతా ఒట్టికాళ్లు, లేదా అరిగి పలచబడిన హవాయి చెప్పులు. పొద్దున్నే మంచం దిగి గచ్చు మీద వేసే మొదటి అడుగులే అన్నిటికన్నా నొప్పి, ఆ వేళకి ప్యాడ్ గుమ్మం బయట బూటులో ఉంటుంది. కాస్త మడమ ఉన్న చెప్పుల జత ఒకటి ఇంట్లోకే కేటాయించండి. కడిగి పెట్టిన కొత్త జతేనని పెద్దవాళ్లకి ముందే చెప్పుకోండి, తప్పదు. టెండన్ ఎముకకు అతికే చోటే నొప్పి ఉన్నవాళ్లు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం కూడా కొన్నాళ్లు తగ్గించుకోవాలి.

నొప్పి ఎక్కడో తేల్చుకోవడం తేలిక. టెండన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని కిందనుంచి పైకి నొక్కుతూ రండి. మడమ ఎముక పైన 2 నుంచి 6 సెం.మీ. మధ్యలో కలుక్కుమంటే నడిమి భాగం, ఎముక మీదే అయితే అతుకు. వ్యాయామం దీన్నిబట్టి మారుతుంది. నడిమి నొప్పికి వీధి అరుగు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమ కిందికి దించొచ్చు. రేవు మెట్లు మాత్రం వద్దు, పాచికి కాలు జారితే సంగతి టెండన్‌తో ఆగదు. అతుకు నొప్పికి మడమ నేలమట్టం కన్నా కిందికి పోకూడదు, చదును గచ్చు మీదే చేయాలి. అరుగు అంచు మీద చేసి "వ్యాయామంతో ఎక్కువైంది" అనేవాళ్లలో చాలామందిది ఈ అతుకు నొప్పే.

మడమ దించే వ్యాయామానికి స్వీడన్ వాళ్ల 1998 నాటి పాత పద్ధతిలో రోజుకి రెండుసార్లు, మోకాలు చాచి 15 చొప్పున మూడు సెట్లు, మోకాలు వంచి 15 చొప్పున మూడు సెట్లు, వెరసి రోజుకి 180, వారానికి ఏడు రోజులూ, 12 వారాలు. పరుగు మానకుండా ఇది సాగించడం కష్టం. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి వారానికి మూడు రోజులు బరువుతో నెమ్మదిగా చేసేదే నప్పుతుంది. మూడు లెక్కపెడుతూ లేచి, మూడు లెక్కపెడుతూ దిగాలి. మొదట 15 సార్లకి అలసిపోయే బరువు, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచి 6 సార్ల దాకా. జిమ్ లేకపోతే స్కూలు బ్యాగులో 5 కిలోల బియ్యం సంచితో మొదలుపెట్టి, ఒంటికాలి మీద. మోకాలు వంచి చేసేది వదిలేయొద్దు, లోపలి పిక్క కండ సోలియస్‌కి పని పడేది దాంతోనే.

పరుగు ఆపాలా అన్నదానికి పది మార్కుల నొప్పి కొలత ఉంది: సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే భరించలేనంత. చేస్తుండగా నొప్పి 5 దాకా ఉన్నా పర్వాలేదు, మర్నాడు పొద్దున్న బిగుతు నిన్నటికన్నా పెరగకూడదు. పెరిగితే దూరం కాదు, ముందు వేగం తగ్గించండి. స్ప్రింట్లు, గెంతులు, స్కిప్పింగే టెండన్‌ని ఎక్కువ లాగేవి. గట్టి ట్రైనింగ్ చేసిన రోజుకీ అలాంటి ఇంకో రోజుకీ మధ్య కనీసం ఒక రోజు ఎడం కావాలి.

గోదావరి డెల్టాలో ఎత్తుపల్లాలు లేకపోవడం అకిలిస్‌కి వరం. ఆ వరాన్ని పోగొట్టేవి రెండు. కాలువగట్టు అంచు వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపు పరుగెడితే ఒక పాదం లోపలికి ఒరుగుతూనే ఉంటుంది. గట్టు నడిమిన, లేదా ఏటిగట్టు మీద తారు ఉన్న మేర పరుగెత్తండి. రెండోది కాకినాడ, అంతర్వేది తీరాల్లో మెత్తటి ఇసుక. మడమ వేళ్ల కన్నా కిందికి దిగిపోతుంది, అంటే ప్యాడ్ చేసే పనికి సరిగ్గా ఎదురు. తడిసి గట్టిపడిన ఇసుక కొంత నయం, అయినా అది సముద్రం వైపు వాలే.

మందుల దగ్గర ఒక మాట. జ్వరానికో విరేచనాలకో ఊళ్లో చటుక్కున రాసిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ టెండన్ తెగే ముప్పు పెంచుతాయి. అకిలిస్ నొప్పి ఉందని డాక్టరుకి ముందే చెప్పి వేరే మందు అడగండి. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ "ఒక్కటి వేస్తే సెలెక్షన్ దాకా ఆగుతుంది" అంటే ఒప్పుకోవద్దు. పరుగులో ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఠప్పుమంటే బోర్లా పడుకుని పిక్క నొక్కించుకోండి. పాదం కదలకపోతే తెగినట్టే. అప్పుడు ప్యాడ్ మాట వదిలేసి అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవా ముక్క కొన్నప్పుడు స్కేలుతో మందం కొలిచి దాని అడుగునే పెన్నుతో రాసి పెట్టండి. నెలకోసారి తీసి కొలవండి. 12 రాసి ఉన్నది 9కి దిగితే మార్చేయడమే. వానాకాలంలో తోలు అతికించిన కార్క్ ముక్కలు కొనొద్దు, బూజు పడతాయి. ఇవాని సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి, ఎండలో పడేస్తే వంకర తిరిగిపోతుంది.