"ఎస్తా ఇంక్లుయీదో?" అని ముందే అడగండి

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మొదటి మధ్యాహ్నం ప్లాజా మయోర్ అనే కూడలి దగ్గర ఒక హోటల్ ఆరుబయట భోజనానికి కూర్చున్నాం. అమ్మ, నేను, పదమూడేళ్ల మా అబ్బాయి. అడగకుండానే బుట్టలో రొట్టె తెచ్చి పెట్టారు. మేం ముట్టుకోలేదు. బిల్లులో మాత్రం "పాన్", అంటే రొట్టె అని ముగ్గురికీ వేశారు. దాని కింద "సుప్లెమెంతో తెర్రాసా", అంటే బయట కూర్చున్నందుకు మరో 10 శాతం. మెనూ తిరగేస్తే చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంది. బుట్ట పెట్టినప్పుడే "ఎస్తా ఇంక్లుయీదో?" అని, అంటే ఇది ధరలో కలిసే ఉందా అని అడిగి ఉంటే, అప్పుడే వెనక్కి పంపేవాళ్లం.

ఆ రాత్రే ఇలాంటి నాలుగు స్పానిష్ మాటలు కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాం. "ఆయ్ అల్గూన్ కార్గో ఎక్స్‌త్రా?" అంటే అదనంగా ఏమైనా వేస్తారా అని. "క్వాంతో ఎస్ ఎన్ తోతాల్?" అంటే మొత్తం ఎంత అని. మంచినీళ్లకు "అగ్వా దెల్ గ్రీఫో". కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని అక్కడ 2022 నుంచి చట్టమే ఉంది. ఆ మాట చెప్పకపోతే సీసా వస్తుంది, దాని డబ్బులూ పడతాయి.

మాడ్రిడ్‌లో రవాణా లెక్క తేలిక. విమానాశ్రయం నుంచి మెట్రోలో వస్తే టికెట్ మీద మనిషికి 3 యూరోలు అదనం. టాక్సీకి ఊరి మధ్యకు 33 యూరోల స్థిర ధర, సామానుకు వేరే ఏమీ లేదు. "తరీఫా ఫీహా?", స్థిర ధరేనా అని ఎక్కేముందే అడిగాను, డ్రైవరు తలూపాడు. పెద్దవాళ్లతో వెళ్తే టాక్సీయే నయం.

నా మనసు దోచింది దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడా. అక్కడ చాలా బార్లలో పానీయం తీసుకుంటే పక్కన చిన్న పళ్లెంలో తినడానికి ఏదో ఒకటి ఉచితంగా పెడతారు. అమ్మకు ద్రాక్షరసం చెప్పి, "సిన్ కార్నే", మాంసం వద్దు అన్నాను. వేడివేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు వచ్చాయి. ఇవీ బిల్లులో వేస్తారేమో అని అడిగితే, కౌంటరు దగ్గరి పెద్దావిడ అమ్మ భుజం తట్టి "నో, నో" అంది. అమ్మ ఇంకో ద్రాక్షరసం చెప్పించుకుంది.

బార్సిలోనాలో గది బాగుంది, బీచ్ దగ్గర. కానీ బుకింగ్‌లో చూపిన ధర మీద పర్యాటక పన్ను, "తాసా తురీస్తికా", హోటల్‌లో విడిగా కట్టాలి. మనిషికి, రాత్రికి ఇంత అని, గరిష్ఠంగా ఏడు రాత్రుల వరకు. చీటీలో ముగ్గురికీ వేశారు. పదహారేళ్లు, అంతకు తక్కువ వాళ్లకు ఆ పన్ను లేదని చదివి ఉన్నాను కాబట్టి "ఎల్ నీన్యో తంబియెన్?", పిల్లాడికి కూడానా అన్నాను. హోటల్ కౌంటరులోని అమ్మాయి వాడి పాస్‌పోర్టు మళ్లీ తెరిచి పుట్టిన తేదీ చూసి, మూడో వరుస కొట్టేసి కొత్త చీటీ ఇచ్చింది. వాడికి నాలుగు రాత్రుల పన్ను మిగిలింది.

మళ్లీ వెళ్తే గ్రనాడాలో నాలుగు రాత్రులు, బార్సిలోనాలో రెండు చాలు.