లిలీనా, థియానా?

గుంటూరులో నెలకోసారి కలిసే మా చిన్న పుస్తకాల గుంపులోకి కొత్తగా ఎవరు వచ్చినా అడిగేది ఒకటే. కళ కోసం ఏదో ఒకటి వదులుకున్న ఆడవాళ్ల కథ చదవాలంటే వర్జీనియా ఉల్ఫ్ 'టు ద లైట్‌హౌస్' (1927) ముందా, విల్లా కేథర్ 'ద సాంగ్ ఆఫ్ ద లార్క్' (1915) ముందా?

వాక్యం రుచి కోసమైతే ఉల్ఫే, సందేహం లేదు. అందులో బొమ్మలు గీసే లిలీ బ్రిస్కో రాత్రి భోజనాల దగ్గర బల్ల మీది ఉప్పుగిన్నెను పక్కకు జరుపుతుంది, తన బొమ్మలో చెట్టును మధ్యకు జరపాలని గుర్తుండటానికి. అదే బల్ల దగ్గర ఆడవాళ్లు బొమ్మలు వేయలేరనే అతిథి టాన్‌స్లీ, పెళ్లి చేసుకోమనే ఇంటావిడ మిసెస్ రామ్సే. పదేళ్లకు గానీ ఆమె బొమ్మ పూర్తి కాదు. అదీ అటకెక్కేదేనని ఆమెకు తెలుసు. మా పెద్దమ్మ వీణ కూడా పెళ్లయ్యాక అటకే ఎక్కింది. ఆ పేజీ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

అయినా నేను చూసేది ఒక్కటే: మూల్యం ఎవరు కట్టారు? లిలీ పెళ్లిని వదులుకుందంటాం గానీ, పెళ్లి తప్పినందుకు ఆమె ఊపిరి పీల్చుకుంది.

కేథర్ నవలలోని గాయని థియా క్రోన్‌బోర్గ్ సంగతి వేరు. కొలరాడోలో ఓ చిన్న ఊరి పాస్టర్ కూతురు. ఆమెను పెళ్లాడాలని కలలుగన్న గూడ్సుబండి గార్డు రే కెనెడీ ప్రమాదంలో పోతే, అతని 600 డాలర్ల బీమా సొమ్ముతో చికాగో వెళ్లి సంగీతం నేర్చుకుంటుంది. తర్వాత జర్మనీలో ఉండగా తల్లికి జబ్బు చేస్తుంది. అప్పుడే డ్రెస్డెన్‌లో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఒపెరాలో ఎలిజబెత్ పాత్ర పాడే అవకాశం వస్తుంది. థియా రాదు. తల్లి పోతుంది.

ఇక్కడే మా గుంపులో ప్రతిసారీ గొడవ. "కన్నతల్లి కోసం రాకపోవడమేంటండీ?" అంటారు. అమెరికాలో ఉన్న కొడుకు రాలేకపోతే సెలవు దొరకలేదనో, వీసా ఇబ్బందనో మనమే సర్దిచెబుతాం కదా. కేథర్ మాత్రం ఏ సాకూ వెతకదు, థియాను దేవతనూ చేయదు. ఆ లెక్క అలా తేలకుండానే వదిలేస్తుంది. అందుకే నా ఓటు థియాకి.

కేట్ షోపాన్ 'ది అవేకెనింగ్' (1899)లో పియానో వాయించే మదమోయిసెల్ రైజ్ ఉంది గానీ, అది ఆమె కథ కాదు. తర్వాత చూడొచ్చు.

ఒక్కమాట, కేథర్ నవల బాగా పెద్దది, చివర్లో సాగుతుంది కూడా. ఎండాకాలం సెలవుల్లో పెట్టుకోండి.