పదేళ్లు దాటిన మా హెల్త్ పాలసీ: గది అద్దె లైన్ చూడకుండా కట్టకండి

మా ఇంట్లో ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ మొదలై పదేళ్లు దాటింది. అమ్మ, నేను, మా ఆవిడ, పిల్లలు అందరికీ కలిపి 5 లక్షల బీమా. అబ్బాయికి డెంగీ వచ్చినప్పుడు క్యాష్‌లెస్‌లోనే (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) బయటపడ్డాం, చేతి డబ్బు పెద్దగా పడలేదు. దెబ్బ తగిలింది అమ్మ గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి.

అప్పట్లో మా పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5 వేలు. విజయవాడలో మేం వెళ్లిన ఆసుపత్రిలో ఆ ధరకు వచ్చేది షేరింగ్ గది. ఆ రోజు ఒక్క బెడ్డూ ఖాళీ లేక 8 వేల సింగిల్ రూమ్ ఇచ్చారు. రోజుకు 3 వేలు మనం వేసుకుంటే సరిపోతుందనుకుంటారు ఎవరైనా. అక్కడితో ఆగదు. ఎనిమిదిలో ఐదు వంతుల లెక్కే సర్జన్ ఫీజుకీ, మత్తు డాక్టరు ఫీజుకీ, థియేటర్‌కీ, నర్సింగ్‌కీ వేస్తారు. అవన్నీ కలిపి 80 వేలైతే పాలసీ ఇచ్చేది 50 వేలే. 30 వేలు కౌంటర్ దగ్గర మనం కట్టాలి. గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి కోసేది వేరే.

దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నిబంధనల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీల మీద ఈ కోత వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలే వేయకూడదు. మా ఫైనల్ అప్రూవల్ లెటర్‌లో మాత్రం స్కానింగ్, రక్తపరీక్షల పద్దుల్లోనూ కోత కనిపించింది. బిల్లు కాపీలు జతచేసి కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి మెయిల్ పెడితే, కొన్నాళ్లకు ఆ మేరకు డబ్బు ఖాతాలో పడింది. అడక్కపోతే వచ్చేది కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డిశ్చార్జి హడావుడిలో ఎంతమంది ఆ కాగితం చదువుతారు? కంపెనీ నెలలోపు బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చడానికి హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ప్రీమియం సంగతికొస్తే, మొదట కట్టినదానికి ఇప్పుడు రెట్టింపు దాటింది. అమ్మ వయసు స్లాబ్ మారినప్పుడల్లా ఒక్కసారిగా పెరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం జీఎస్టీ తీసేయడంతో మొన్నటి రెన్యువల్‌లో కాస్త ఊపిరాడింది.

నెలనెలా అయ్యే ఖర్చుకి మాత్రం ఈ పాలసీ అక్కరకు రాదు. అమ్మ షుగర్, బీపీ మాత్రలకు పైసా ఇవ్వరు. డాక్టరుతో మాట్లాడి, చవకగా జనరిక్ మందులు దొరికే జన ఔషధి దుకాణానికి మారాక మందుల ఖర్చు సగానికంటే తగ్గింది. రీడింగులు ఎప్పట్లాగే ఉన్నాయి. అప్పుడప్పుడు ఒకటి రెండు రకాలు స్టాక్ ఉండవు, అందుకే నెలకు సరిపడా ముందే తెచ్చుకుంటాం.

ఇన్ని ఇబ్బందులున్నా పాలసీ ఆపలేదు. ఎడతెగకుండా ఐదేళ్లు కడితే, మోసం రుజువైతే తప్ప పాత జబ్బు దాచారంటూ క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. 2024కి ముందు ఈ గడువు ఎనిమిదేళ్లు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. అందుకే పాలసీ వదిలేయకుండా, ప్రీమియం ఇంకాస్త పెరిగినా, దాన్నే గది అద్దె పరిమితి లేని ప్లాన్‌కి మార్చుకున్నాం. కొత్తగా తీసుకునేవాళ్లు ఏజెంట్ మాట మీద ఆగకుండా పాలసీ వర్డింగ్స్ (పూర్తి నిబంధనల పత్రం) తెప్పించుకుని, గది అద్దె, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా), కన్స్యూమబుల్స్ (గ్లవ్స్, మాస్కుల్లాంటివి) అన్న మూడు చోట్లా చదవండి. నచ్చకపోతే పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.