నచ్చిన ఇంగ్లీషు మాటకి పుట్టుపూర్వోత్తరాలు: ఎటిమ్‌ఆన్‌లైన్ రివ్యూ

ఏదైనా ఒక ఇంగ్లీషు మాట మీకు బాగా నచ్చి, దాని సంగతేంటో ఇంకాస్త లోతుగా తెలుసుకోవాలని ఉంటే నేను ముందుగా చెప్పే పేరు ఎటిమ్‌ఆన్‌లైన్. పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. ఎటిమాలజీ అంటే మాటల పుట్టుపూర్వోత్తరాలు. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ దాదాపు ఒంటిచేత్తో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చిన సైట్ ఇది. బ్రౌజర్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఫోన్‌కి యాప్ కూడా ఉంది.

పెద్దవాళ్లకి స్పోకెన్ ఇంగ్లీషు నేర్పడం నా ఉద్యోగం. పగలంతా ఏదో ఒక పని చేసుకుని, తీరిక చేసుకుని వచ్చేవాళ్లే నా స్టూడెంట్లు. ఇంగ్లీషంటేనే టెన్షన్ పడేవాళ్ల దగ్గర గ్రామర్ ఎత్తితే ఇంకా బిగుసుకుపోతారు. అందుకని కొత్త బ్యాచ్ రాగానే అందరినీ ఒకటే అడుగుతాను: మీకు ఇష్టమైన ఇంగ్లీషు పదం ఏది, ఎందుకిష్టం? వాళ్లు చెప్పిన పదాన్ని అక్కడికక్కడే స్క్రీన్ మీద ఈ సైట్‌లో వెతుకుతాం. నేను భాషాశాస్త్రం చదవలేదు. క్లాసులో వాడి చూసిన అనుభవంతోనే ఈ రివ్యూ రాస్తున్నాను.

'ఎందుకిష్టం' అంటే మొదట వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: వినడానికి బాగుంటుంది. 'బబుల్' అంటే నోట్లోనే బుడగ పేలినట్టుంటుందని ఒకావిడ చెప్పింది. నిజమే, ఆ మాట శబ్దాన్ని అనుకరిస్తూ పుట్టి ఉంటుందనే సైట్ కూడా అంటుంది. కానీ చాలా పదాల విషయంలో చప్పుడు దగ్గర ఆగిపోతే సగమే తెలిసినట్టు. ఆ రెండో సగం చూపించడంలో ఈ సైట్‌కి సాటి వచ్చేది నాకింకా కనిపించలేదు.

వాడటం తేలిక. పదం టైపు చేస్తే పక్కనే ఒక సంవత్సరమో శతాబ్దమో కనిపిస్తుంది. అది పదం పుట్టిన తేదీ కాదు. ఇప్పటిదాకా దొరికిన రాతల్లో ఆ పదం కనిపించిన అతి పాత కాలం. జనం నోళ్లలో అంతకు ముందే ఎంతకాలం నుంచి నలుగుతోందో ఎవరు చెప్పగలరు? ఈ తేడాని స్టూడెంట్లకి మొదటే చెప్పాలి, లేకపోతే ఫలానా ఏడాదిలో ఎవరో కూర్చుని కనిపెట్టారనుకుంటారు. ఆ తర్వాత పదం వచ్చిన దారి వెనక్కి వెళ్తుంది: ఫ్రెంచి, లాటిన్, గ్రీకు, లేదా పాత జర్మానిక్ భాషలు. చివర్లో నక్షత్రం (*) గుర్తుతో ఒక మూలధాతువు, అంటే ఆ మాటకి వేరు లాంటి పాత రూపం, కనిపించవచ్చు. ఆ గుర్తు ఉంటే ఎక్కడా రాతలో దొరకనిది, పండితులు పోల్చి చూసి ఊహించినది అని అర్థం.

ఆ మూలధాతువు మీద క్లిక్ చేస్తే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. ఈ సైట్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ పేజీలే. 2004లో ఇంగ్లీషు భాషనీ బ్రిటన్ సంస్కృతినీ ప్రచారం చేసే బ్రిటిష్ కౌన్సిల్ సంస్థ తన 70 ఏళ్ల సందర్భంగా ఇంగ్లీషు మాతృభాష కాని 102 దేశాల్లో 40,000 మందికి పైగా జనాన్ని అందమైన ఇంగ్లీషు పదాల గురించి అడిగితే మొదటి స్థానం 'మదర్'కి వచ్చింది. అలా తేలిన 70 పదాల జాబితాలో 'ఫాదర్' అసలు లేనే లేదు! మా క్లాసులోనూ 'మదర్' చెప్పేవాళ్లకి కొదవ లేదు. కారణం అడిగితే, అమ్మ కదండీ, కారణమేముంటుంది అంటారు. నిజమే. అయినా మూలధాతువు పేజీ తెరుస్తాను. సంస్కృతంలో మాతృ, లాటిన్‌లో మాటెర్, గ్రీకులో మేటేర్ వరసగా కనిపిస్తాయి. కింద అదే కుటుంబానికి చెందిన ఇంగ్లీషు మాటలు: మెటర్నల్, మ్యాట్రిక్స్, మ్యాటర్, మెట్రోపాలిస్. మెట్రోపాలిస్ అంటే గ్రీకులో తల్లి నగరం. ఇంకా కిందకి వెళ్తే మెట్రిక్యులేషన్! లాటిన్‌లో పేర్లు రాసుకునే పట్టీని మాట్రికులా అనేవారు. అది మాట్రిక్స్‌కి చిన్న రూపం, ఆ మాట్రిక్స్‌కి మూలం అమ్మ. మెట్రిక్ అన్న మాటని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లు ఆ వరస చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ తర్వాత మ్యాట్రిక్స్, మెటర్నల్ లాంటి మాటలు వాళ్లకి మళ్లీ నేర్పాల్సిన అవసరం రాదు.

'సెరెండిపిటీ' పేజీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నచ్చిన పదాల జాబితా ఎవరు వేసినా ఈ పదం ఎక్కడో ఒకచోట ఉంటుంది. 2004లో అమెరికన్ డిక్షనరీ సంస్థ మెరియమ్ వెబ్‌స్టర్ పాఠకులు ఎంచుకున్న పదాల్లోనూ ఇది రెండోది. (మొదటిది 'డీఫెనెస్ట్రేషన్', అంటే కిటికీలోంచి బయటికి విసిరేయడం. 1618లో ప్రాగ్ కోటలో అధికారుల్ని నిజంగానే అలా విసిరేస్తే వాళ్లు బతికి బయటపడ్డారు, యూరప్‌లో ముప్ఫై ఏళ్ల యుద్ధం మొదలైంది.) వెతకని మంచి వస్తువు అనుకోకుండా దొరకడమే సెరెండిపిటీ అని అందరికీ తెలుసు. దీని పేజీలో కనిపించేది ఒక ఉత్తరం. హొరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు రచయిత 1754 జనవరి 28న తన స్నేహితుడు హొరేస్ మాన్‌కి రాస్తూ, ఒక పర్షియన్ కథలోని సెరెండిప్ దేశపు ముగ్గురు రాకుమారుల్ని గుర్తు చేసుకుని ఈ పదాన్ని తయారు చేశాడు. ఆ రాకుమారులు తాము వెతకని విషయాల్ని కొంత అదృష్టంతోను, కొంత తెలివితోను కనిపెడుతూ పోతారు. ఆ తెలివి భాగాన్ని ఇప్పుడు చాలామంది మర్చిపోయారు. కేవలం అదృష్టం అన్న అర్థంలోనే వాడేస్తున్నారు. వాల్‌పోల్ ఉద్దేశం అది కాదు. దొరికినదాన్ని గుర్తుపట్టే చూపు కూడా ఉండాలి. ఆ ఒక్క వివరం తెలిశాక ఆ పదం మీద నా గౌరవం రెట్టింపయింది.

ఇంతకీ ఆ రాకుమారుల దేశం సెరెండిప్ ఏది? సైట్ సమాధానం: శ్రీలంక పాత పేరు. అరబ్బులు సరందీబ్ అన్నారు, దానికి మూలం సంస్కృతంలోని సింహళద్వీపం. స్క్రీన్ మీద ఈ లైను వచ్చేసరికి వెనక వరసలోంచి "మేడమ్, సింహళద్వీపమా? మన కథల్లో ఉండేదేగా!" అన్న గొంతు వినిపించింది. అప్పటిదాకా పెద్దగా నోరు విప్పని మనిషి అతను. ఆ రోజు సెరెండిపిటీ పెట్టి రెండు సొంత వాక్యాలు చెప్పాడు. పరాయిదనుకున్న మాటలో తెలిసిన ముఖం కనిపిస్తే మనిషిలో బెరుకు ఎలా పోతుందో నేను కళ్లారా చూశాను.

'బ్యాండికూట్' కూడా అలాంటిదే. ఆస్ట్రేలియాలో కనిపించే, పొడుగు మూతి ఉన్న ఒక చిన్న జంతువు పేరిది. ఇంగ్లీషులోకి వచ్చింది మాత్రం తెలుగు పందికొక్కు నుంచి. మొదట ఇక్కడి పెద్ద ఎలుకకి వాడారు, తర్వాత చూడటానికి దగ్గరగా ఉందని అక్కడి జంతువుకి తగిలించారు. తెలుగు చదివే ఎవరికైనా ఈ సైట్‌లో మొదట చూడమని చెప్పే పేజీ ఇదే.

ఇక ఈ సైట్‌ని నేను నమ్మడానికి అసలు కారణం చెప్తాను. పదాల పుట్టుక గురించి బయట బోలెడన్ని కట్టుకథలు తిరుగుతుంటాయి. 'సిన్సియర్' తనకి ప్రాణమని చెప్పిన ఒక స్టూడెంట్, దానికి తను విన్న కథ కూడా చెప్పాడు. పాతకాలంలో శిల్పులు రాతిలో పగుళ్లు కనపడకుండా మైనం పూసేవారట, మైనం లేని నిఖార్సైన శిల్పాన్ని లాటిన్‌లో 'సినే సేరా' అనేవారట, అదే సిన్సియర్ అయిందట. వినడానికి ఎంత బాగుందో! సైట్ మాత్రం ఆ కథకి ఆధారం లేదని తేల్చి చెప్తుంది. లాటిన్ సిన్సేరుస్ అంటే శుభ్రమైనది, కల్తీ లేనిది. బహుశా 'ఒక్కటిగా పెరిగినది' అన్న భావం నుంచి వచ్చి ఉంటుందని వివరిస్తుంది. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మైనం కథకన్నా ఇదే బాగుంది, లోపలా బయటా ఒకేలా పెరిగిన మనిషి అన్నమాట అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

'కంగారూ' కూడా ఇంతే. బ్రిటిష్ కౌన్సిల్ జాబితాలో ఉన్న పదమిది. ఆ జంతువు పేరేంటని తెల్లవాళ్లు అడిగితే 'నాకు తెలీదు' అని స్థానికులు చెప్పారనీ, అదే పేరైపోయిందనీ ఒక కథ ఉంది. అది తప్పు. 1770లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడలో వెళ్లినవాళ్లు గూగు యిమిధిర్ అనే ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలోంచి విని రాసుకున్న అసలైన జంతువు పేరే అది. 'నాకు తెలీదు' కథలో ఆ జనం మాట అర్థం లేనిదైపోతుంది. అసలు సంగతి చెప్తే వాళ్ల భాషకి దక్కాల్సిన గౌరవం దక్కుతుంది. అందుకే ఇలాంటి దిద్దుబాట్లు నాకు చాలా ముఖ్యం.

తెలియనిది తెలియదనడంలో కూడా ఈ సైట్‌కి మొహమాటం లేదు. 'డాగ్' అన్న మూడక్షరాల మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆ పేజీలో ఆ ముక్కే రాసి ఉంటుంది. 'ఫ్లాబర్‌గాస్టెడ్' (నోట మాట రానంత ఆశ్చర్యపోవడం) 1772లో ఒక పత్రికలో కొత్త ఫ్యాషన్ మాటగా కనిపించింది, దాని పుట్టుక కూడా ఖాయంగా తెలీదు. ఊహల్ని నిజాల్లా అమ్మే చోట్లు చూసి విసిగిపోయినవాళ్లకి ఇది పెద్ద ఊరట.

వృత్తుల్ని బట్టి ఇష్టాలు మారడం కూడా క్లాసులో గమనించాను. లెక్కలు చెప్పే టీచర్ ఒకాయన 'ఆల్జీబ్రా' అన్నాడు. మూలం అరబిక్ 'అల్ జబ్ర్', విరిగిన ముక్కల్ని మళ్లీ కలపడం. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గణిత గ్రంథం నుంచి ఆ పేరు యూరప్‌కి వెళ్లింది. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇదే మాటకి విరిగిన ఎముకలు కట్టడం అన్న అర్థం కూడా ఉండేది. ఈక్వేషన్‌లో విడిపోయిన ముక్కల్ని ఒకచోట చేర్చడం అంటే ఇదేనని ఆయన వెంటనే బోర్డు దగ్గరికి వెళ్లి మాకు చూపించాడు. నర్సుగా పనిచేసే ఒకావిడ 'పేషెంట్' అంది. లాటిన్‌లో ఓర్చుకోవడం, బాధపడటం అన్న క్రియ నుంచి వచ్చింది కాబట్టి ఓపికకీ రోగికీ ఒకటే మాట అయింది. రోజూ వందసార్లు పలికే పదంలో ఇంత ఉందా అని ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుంది.

లోటుపాట్లు లేకపోలేదు. దీన్ని మామూలు డిక్షనరీలా వాడలేం. ఉచ్చారణ ఉండదు, ఆడియో ఉండదు. ఈ రోజు ఆ పదాన్ని వాక్యంలో ఎలా వాడాలో నేర్పడం కూడా దీని పని కాదు. స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకి ఇవి చిన్న విషయాలు కావు, పక్కన ఇంకో డిక్షనరీ తెరిచి ఉంచాల్సిందే. ఓల్డ్ నార్స్ (స్కాండినేవియా పాత భాష), ప్రోటో జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల ఉమ్మడి మూలభాష) లాంటి పేర్లు వరసగా వస్తుంటే కొత్తవాళ్లకి బెదురు పుడుతుంది. మొదటి రెండు లైన్లు చదివి, మధ్యలోవి వదిలేసి, నచ్చిన మూలధాతువు మీద క్లిక్ చేయమని నేను చెప్తాను. చాలావరకు అది సరిపోతుంది.

ఒక్కో అర్థానికీ తేదీలతో సహా పాత రాతల్లోంచి ఉదాహరణలు కావాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకే వెళ్లాలి. 1884లో మొదటి భాగం వచ్చి, 1928కి పూర్తయిన మహా కార్యం అది. హార్పర్ కూడా తాను ఆధారపడిన వాటిలో దాని పేరు చెప్తాడు. కానీ ఆన్‌లైన్‌లో దాన్ని పూర్తిగా చూడాలంటే చందా కట్టాలి. పరిశోధన చేసేవాళ్లు కట్టక తప్పదు. ఒక పదాన్ని ఇష్టపడి, దాని వెనక కథ తెలుసుకోవాలనుకునేవాళ్లకి మాత్రం ఎటిమ్‌ఆన్‌లైన్ చాలు.

యాప్ కన్నా వెబ్‌సైట్ మంచిదని నా అభిప్రాయం. పెద్ద స్క్రీన్ మీద మూలధాతువు పేజీ, పదం పేజీ పక్కపక్కన తెరిచి పెట్టుకోవచ్చు. నలుగురు కలిసి చూసేటప్పుడైతే ల్యాప్‌టాపే సుఖం. మొదటిసారి వెళ్లేవాళ్లు 'డైసీ' (ఒక పువ్వు), 'విండో' రెండూ వెంటవెంటనే చూడండి. ఒకటి పాత ఇంగ్లీషులో పగటి కన్ను, ఇంకోటి పాత నార్స్‌లో గాలి కన్ను. ఆ తర్వాత మీకు ఇష్టమైన మాట టైపు చేయండి.